పిల్లలతో బిజినెస్ క్లాస్: ఫ్లాగ్‌షిప్ ధర పెడితే దొరికేది ఒక్క ఫీచరే

ఫోన్లు, ట్యాబ్‌లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే చోట విమానం సీటు గురించి ఎందుకు అనుకుంటున్నారా? ఏటా ఏప్రిల్, మే వచ్చిందంటే నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "పిల్లల్ని తీసుకుని ఇండియా వస్తున్నాం, ఫ్లైట్‌లో వాళ్ళని కూర్చోబెట్టడానికి ఏ ట్యాబ్ కొనాలి?" అనేది మొదటి ప్రశ్న. సమాధానం చెప్పేలోపే రెండోది వస్తుంది. "అసలు ఈసారి బిజినెస్ క్లాస్ తీసేసుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా?"

మాది చాట్రాయి. నూజివీడు మామిడి తోటల ప్రాంతం. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. అమెరికాలో పిల్లలున్న ఇళ్ళకి మా వైపు కొదవ లేదు. టెక్సాస్‌లో స్కూళ్ళు మే చివర్లో మూస్తారు. ఇక్కడ రసాలు, బంగినపల్లి జూన్ మధ్యకల్లా దాదాపు అయిపోతాయి. అంటే మనవళ్ళు తోటలో కాయలు ఉండగా రావాలంటే ఆ రెండు మూడు వారాలే టైమ్. అదే టైమ్‌కి అందరూ బయల్దేరతారు, టికెట్ ధరలు కూడా అప్పుడే పైకెక్కి కూర్చుంటాయి.

ప్రయాణం కూడా చిన్నదేం కాదు. డల్లాస్ నుంచి దుబాయ్ లేదా దోహాకి పదిహేను పదహారు గంటలు. అక్కడ కొన్ని గంటలు ఆగాలి. మళ్ళీ హైదరాబాద్‌కి దాదాపు నాలుగు గంటలు. ఆ తర్వాత చాట్రాయికి కారులో ఐదారు గంటలు. గన్నవరం ఎయిర్‌పోర్ట్ మాకు దగ్గరే గానీ అక్కడి నుంచి అమెరికాకి నేరుగా ఫ్లైట్ లేదు, ఎక్కడో ఒకచోట మారాల్సిందే. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి చికాగోకి నేరుగా ఫ్లైట్ మొదలుపెట్టింది కానీ అది ఎక్కువ కాలం నిలవలేదు. మొత్తంగా ఇంటి నుంచి ఇంటికి 30 గంటలు అనుకోండి. ఏడాదిన్నర పిల్లతో 30 గంటలు!

కాబట్టి బిజినెస్ క్లాస్ మీద మనసు లాగడంలో తప్పేమీ లేదు. అక్కా వాళ్ళ ఇద్దరు పిల్లలతో నేను ఎకానమీలోనూ వచ్చాను, ఒకసారి బిజినెస్‌లోనూ వచ్చాను. రెండూ చూశాక నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బిజినెస్ క్లాస్‌లో మీరు కొనేది నిద్ర. మిగతా ఫీచర్లన్నీ బాక్స్‌లో వచ్చే కవర్, స్టిక్కర్ లాంటివి. ఆ నిద్ర ఇంట్లో ఎవరికి ఎక్కువ అవసరమో చూసి కొనండి. నా లెక్కలో ఆ లిస్టులో పిల్లలు పైన ఉండరు.

ముందు ధర లెక్క

టికెట్ ధరలు రోజుకో రకంగా ఉంటాయి కాబట్టి రూపాయల్లో కాకుండా వాటాల్లో చూద్దాం. పెద్దవాళ్ళకి ఒక ఎకానమీ టికెట్ 1 అనుకోండి. లాంగ్ రూట్లలో బిజినెస్ టికెట్ మామూలుగా దానికి మూడు నుంచి ఐదు రెట్లు పడుతుంది. మధ్యలో 4 అని తీసుకుందాం. రెండేళ్ళ లోపు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుంటే చాలా ఎయిర్‌లైన్స్ అంతర్జాతీయ రూట్లలో పెద్దవాళ్ళ ధరలో సుమారు 10 శాతం తీసుకుంటాయి. రెండు నుంచి పదకొండేళ్ళ పిల్లలకి తగ్గింపు ఉన్నచోట సుమారు 75 శాతం. కొన్ని ఫేర్లలో ఆ తగ్గింపు కూడా ఉండదు.

ఇప్పుడు అమ్మ, నాన్న, ఐదేళ్ళ బాబు, ఏడాదిన్నర పాప ఉన్న కుటుంబం తీసుకోండి. ఎకానమీలో 1 + 1 + 0.75 + 0.1, అంటే 2.85. అందరూ బిజినెస్‌లో వెళ్తే దానికి నాలుగు రెట్లు, 11.4. తేడా 8.55. అంటే ఒక్క ట్రిప్‌లో అదనంగా ఎనిమిదిన్నర ఎకానమీ టికెట్ల డబ్బు పోయిందన్నమాట.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఒళ్ళో పాపకి 10 శాతం అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ అది బిజినెస్ ధరలో 10 శాతం. ఆ పాపకి సీటు రాదు, మంచం రాదు. 0.4 కట్టి మీకు దొరికేది మీ మంచం మీద మీకే చోటు తగ్గడం.

స్పెక్ షీట్ ఎవరి కోసం రాశారు?

బిజినెస్ క్లాస్‌లో పూర్తిగా పడుకునే సీటు కొత్తదేం కాదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2000లో దాన్ని తీసుకొచ్చింది, తర్వాత మిగతా కంపెనీలు అదే దారి పట్టాయి. అప్పటి నుంచి పోటీ అంతా ఒకే దిశలో సాగింది. ఒంటరిగా ఆఫీసు పని మీద వెళ్ళే మనిషికి ఎంత ప్రైవసీ ఇవ్వగలం అన్నదే ఆ దిశ. వరుసకి 1-2-1 లేఅవుట్, ఎత్తైన గోడలు, ఈమధ్య తలుపులు కూడా.

ఆ ఫీచర్లనే పిల్లల తల్లి వైపు నుంచి చదవండి. 1-2-1 అంటే నలుగురు ఒకచోట కూర్చోలేరు. కిటికీ పక్క సీటులో బాబు కూర్చుంటే అమ్మకీ వాడికీ మధ్య ఒక గోడ, ఒక నడవ. మేం వెళ్ళిన ఫ్లైట్‌లో సరిగ్గా అదే జరిగింది. ఐదేళ్ళవాడు లేచిన ప్రతిసారీ అక్క తన బెల్ట్ తీసి, బల్ల మడిచి, పాపని నాకిచ్చి, నడవ దాటి వెళ్ళాలి. ఎకానమీలో అయితే చెయ్యి చాపితే సరిపోయేది. అంత డబ్బు పెట్టి కొన్న ప్రైవసీ మాకు అడ్డుగోడ అయింది.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. ఖతార్ ఎయిర్‌వేస్ 2017లో తెచ్చిన క్యూసూట్‌లో మధ్య సీట్లలో నాలుగింటిని ఎదురెదురుగా ఒక గదిలా కలుపుకోవచ్చు, రెండు సీట్లని కలిపి డబుల్ బెడ్ చేసుకోవచ్చు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి నిజంగా పనికొచ్చే డిజైన్ ఇది. అయితే ఆ కంపెనీ విమానాలన్నిటిలో అది లేదు. మీ ఫ్లైట్‌లో ఏ సీటు ఉందో బుక్ చేసేముందే సీట్ మ్యాప్‌లో చూసుకోవాలి. ఇంకో తమాషా ఏంటంటే, రివ్యూయర్లు ఎప్పుడూ తిట్టే ఎమిరేట్స్ బోయింగ్ 777 పాత 2-3-2 లేఅవుట్ చిన్న పిల్లలున్న వాళ్ళకి మేలు. అమ్మ, నాన్న, మధ్యలో పిల్లాడు పక్కపక్కనే ఉంటారు. ఫోన్ల లాగే ఇక్కడా స్పెక్స్‌లో పాతదే కొందరికి వాడకంలో బాగుంటుంది.

సేఫ్టీ సంగతీ చూడాలి. చాలా బిజినెస్ సీట్ల బెల్టులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, లేదా సీటు వంకరగా అమర్చి ఉంటుంది. అలాంటి చోట పిల్లల కార్ సీట్ బిగించనివ్వరు. బేబీని పడుకోబెట్టే బాసినెట్ ఎకానమీలో ముందు గోడ ఉన్న వరుసలో దొరుకుతుంది. బిజినెస్‌లో అన్ని విమానాల్లో అది ఉంటుందని అనుకోవద్దు. దొరికినచోట కూడా బరువు పరిమితి మామూలుగా 10, 11 కిలోల దగ్గర ఉంటుంది. ఏడాదిన్నర పిల్ల దాదాపు ఆ గీత మీదే ఉంటుంది.

ఇక మంచం. ఐదేళ్ళ పిల్లాడు సుమారు 110 సెంటీమీటర్లు ఉంటాడు. ఆరడుగులకి పైగా ఉండే మంచంలో సగం కొంచెం దాటి వాడతాడు, అంతే. 480పీ వీడియో చూడ్డానికి 8కె టీవీ కొన్నట్టు ఉంటుంది. అదే పిల్లాడు ఎకానమీలో చేతి ఆనింపు పైకెత్తి, తన సీటులో ముడుచుకుని, అమ్మ ఒడిలో తల పెట్టి హాయిగా నిద్రపోతాడు. ఆ ఒడిచ్చిన మనిషి మాత్రం ఆ రాత్రంతా కదలదు. నిద్ర పోయేది ఎవరికో ఇప్పుడు అర్థమైంది కదా!

మిగతా ఫీచర్లు విడిగా కూడా దొరుకుతాయి

లాంజ్ కావాలంటే చాలా క్రెడిట్ కార్డులతో వెళ్ళొచ్చు. పిల్లలకి విడిగా డబ్బు కట్టాలేమో చూసుకుంటే చాలు. పిల్లలున్న వాళ్ళని ముందు ఎక్కించడం చాలా ఎయిర్‌లైన్స్‌లో ఎకానమీకీ ఉంటుంది. భోజనం సంగతికొస్తే, పింగాణీ ప్లేట్లో వచ్చిన మూడు రకాల వంటకాలని పక్కకి నెట్టి మావాడు తిన్నది బన్ను, వెన్న. ఎకానమీలో అయితే పిల్లల భోజనం ముందే బుక్ చేస్తే పెద్దవాళ్ళకంటే ముందు తెచ్చిస్తారు.

లగేజీ విషయంలో తేడా నిజమే. అమెరికా రూట్లలో ఎకానమీకి 23 కిలోల బ్యాగులు రెండు, బిజినెస్‌కి 32 కిలోలవి రెండు ఇవ్వడం మామూలు. ఆవకాయ, కారప్పొడులు, పిండివంటలు పట్టుకెళ్ళే మనకి ఇది చిన్న విషయం కాదు. అలాగని దానికోసం నాలుగు రెట్లు ఎవరూ కట్టరు, అదనపు బ్యాగ్ విడిగా కొనుక్కోవచ్చు. తాజా మామిడికాయలు మాత్రం ఏ క్లాస్‌లో వెళ్ళినా అమెరికాలో దింపనివ్వరు. 2007 నుంచి మన మామిడిని ఆ దేశం అనుమతిస్తోంది గానీ, అది రేడియేషన్ ట్రీట్‌మెంట్ చేసి వ్యాపారంగా పంపే కాయలకే.

మరి ట్యాబ్ కొంటే సరిపోతుందా?

ఇక మన ఏరియాకి వద్దాం. బిజినెస్ టికెట్ బదులు ఒక మంచి సెటప్ చాలా పని చేస్తుంది. కానీ దాన్ని సరిగ్గా పెట్టుకోవాలి.

మొదటిది హెడ్‌ఫోన్స్. ట్యాబ్ కంటే వీటికే ముందు డబ్బు పెట్టమంటాను. విమానం గాల్లో ఉన్నప్పుడు లోపల శబ్దం 80 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఆ హోరుని దాటి వినాలని పిల్లలు వాల్యూమ్ పెంచేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ కలిసి 2019లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినొచ్చు, పిల్లలకి అదే 75 డెసిబెల్స్. మార్కెట్లో 85 దగ్గర లాక్ చేసి "కిడ్స్" అని అమ్మేవి బోలెడు. ఆ లాక్ ఒక్కటే చూసి కొనకండి. చెవి మొత్తం కప్పేలా ఉండి బయటి శబ్దాన్ని ఆపేవి తీసుకుంటే పిల్లలే వాల్యూమ్ తగ్గించుకుంటారు. వైర్ పెట్టుకునే వీలు కూడా ఉండాలి. సీటు స్క్రీన్‌కి బ్లూటూత్ లేని విమానాలు ఇంకా చాలానే ఉన్నాయి. జాక్‌కి పెట్టుకునే చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ బ్యాగులో ఉంటే ఆ సమస్య కూడా ఉండదు.

రెండోది, డౌన్‌లోడ్స్. డౌన్‌లోడ్ చేశాం కదా అని వదిలేయొద్దు. నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్స్‌లో డౌన్‌లోడ్స్‌కి గడువు ఉంటుంది, కొన్నిటికి ప్లే నొక్కాక మిగిలేది 48 గంటలే. బయల్దేరే ముందు రోజు ట్యాబ్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ప్రతి యాప్ తెరిచి చూడండి. గేమ్స్‌తో అయితే ఇది ఇంకా ముఖ్యం. సగం గేమ్స్ నెట్ లేకపోతే మొదటి స్క్రీన్ కూడా దాటవు. ఐప్యాడ్‌లో గైడెడ్ యాక్సెస్, ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ పిన్నింగ్ ఆన్ చేస్తే పిల్లాడు ఆ యాప్ దాటి బయటికి పోడు.

మూడోది చార్జింగ్. ఇక్కడ రూల్స్ మారాయి, పాత లెక్కలతో వెళ్ళకండి. పవర్ బ్యాంక్ ఎప్పుడూ చేతి బ్యాగులోనే ఉండాలి, 100 వాట్ అవర్స్ దాటకూడదు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్స్, కాబట్టి పట్టుకెళ్ళొచ్చు. పట్టుకెళ్ళడం వేరు, వాడటం వేరు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం రన్‌వే దగ్గరే తగలబడ్డాక కంపెనీలు కఠినంగా ఉంటున్నాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ 1 నుంచి, ఎమిరేట్స్ అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడకాన్ని ఆపేశాయి. ఎమిరేట్స్‌లో మనిషికి ఒక్కటే, అదీ పైన అరలో పెట్టకూడదు. అంటే సీటు దగ్గరున్న పోర్టే దిక్కు. పాత ఎకానమీ సీట్లలో యూఎస్‌బీ-ఏ పోర్ట్ నెమ్మదిగా ఎక్కిస్తుంది, వీడియో నడుస్తుంటే పెద్ద ట్యాబ్‌కి చాలదు. అందుకే 12 అంగుళాల ట్యాబ్ వద్దంటాను. 8, 9 అంగుళాల ట్యాబ్ తక్కువ కరెంట్ తాగుతుంది, ఎకానమీ బల్ల మీద భోజనం పక్కన పడుతుంది కూడా.

ఇంత చెప్పాక ఒక మాట. ట్యాబ్‌తో 16 గంటలు గడిపేయొచ్చని మాత్రం అనుకోవద్దు. రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీన్ వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫ్లైట్ రోజున ఆ రూల్ కొంచెం అటూ ఇటూ అవుతుంది, పోలీసుల్లా కూర్చోవాల్సిన పని లేదు. కానీ స్క్రీన్‌ని మొదటి గంటలోనే ఇచ్చేస్తే ఐదో గంటకి అది పని చేయదు. మా దగ్గర పని చేసిన పద్ధతి ఏంటంటే, ముందు నడవలో తిప్పడం, తర్వాత స్టిక్కర్ పుస్తకం, తర్వాత తిండి, ఇక ఏదీ కుదరనప్పుడు ట్యాబ్. దిగేటప్పుడు చెవులు నొప్పి పుడతాయి కాబట్టి అప్పుడు తాగడానికో చప్పరించడానికో ఏదైనా చేతిలో ఉండాలి. మింగుతుంటే చెవులు తెరుచుకుంటాయి. దీనికి గాడ్జెట్ లేదు.

"బిజినెస్ క్లాస్‌లో పిల్లలేంటి?" అనేవాళ్ళకి

మేం ఎక్కినప్పుడు పక్క వరుసలో ఒకాయన పాపని చూసి నిట్టూర్చాడు. ఇంకా ఏడవకముందే! ఇలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళ మాట ఎయిర్‌లైన్స్ కూడా విన్నాయి. మలేషియా ఎయిర్‌లైన్స్ 2011లో ఫస్ట్ క్లాస్‌లో పసిపిల్లలని వద్దంది. మన ఇండిగో 2016లో కొన్ని వరుసలని నిశ్శబ్ద ప్రాంతంగా పెట్టి పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి అక్కడ సీట్లు ఇవ్వలేదు. జపాన్ ఎయిర్‌లైన్స్ 2019లో రెండేళ్ళ లోపు పిల్లలు కూర్చునే సీట్లకి మ్యాప్‌లో బొమ్మ పెట్టి మిగతావాళ్ళకి చూపించింది.

పిల్లలతో బిజినెస్ కొనొద్దని ఇంతసేపు చెప్పిన నేను ఈ వాదనని మాత్రం ఒప్పుకోను. నా అభ్యంతరం ధరకి తగ్గ లాభం లేదనే. వాళ్ళకి అక్కడ హక్కు లేదని ఎవరైనా అంటే అది వేరే మాట. టికెట్ కొన్న పాపకి ఆ క్యాబిన్‌లో ఏడ్చే హక్కు ఉంది, పక్కాయనకి నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకునే హక్కు ఉంది. చాలా కంపెనీలు బిజినెస్‌లో అవి ఊరికే ఇస్తాయి కూడా. మా ఫ్లైట్‌లో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది పాప కాదు. ఇయర్‌ఫోన్స్ లేకుండా స్పీకర్ పెట్టి రీల్స్ చూసిన పెద్దమనిషి.

కానీ ఆ నిట్టూర్పు ఎక్కువ భారం వేసేది తల్లి మీదే. ఎకానమీలో చుట్టూ ఇంకో పదిమంది పిల్లలుంటారు, ఒకరి ఏడుపు ఇంకొకరి దాంట్లో కలిసిపోతుంది, వెనక సీటులో అమ్మమ్మ ఎవరో "ఇటివ్వమ్మా, కాసేపు నేనెత్తుకుంటా" అంటుంది. మా వైపు వచ్చే ఫ్లైట్లలో ఇది మామూలే. బిజినెస్‌లో అలా అడిగేవాళ్ళు లేరు. అక్క పదహారు గంటలూ పాప నోరు తెరవకుండా చూసుకోవడంలోనే ఉండిపోయింది. పడుకునే సీటు ఉంది, పడుకోవడం కుదరలేదు.

వయసుని బట్టి నా సలహా

రెండేళ్ళ లోపు పాప ఉంటే బిజినెస్ డబ్బు పక్కన పెట్టి ఎకానమీలో పాపకి సొంత సీటు కొనండి. పైన చూసిన కుటుంబానికి అప్పుడు మొత్తం 3.5 అవుతుంది, పెరిగేది 0.65 మాత్రమే. ఆ సీటుకి విమానంలో వాడొచ్చని లేబుల్ ఉన్న కార్ సీట్ బిగిస్తే, కుదుపులు వచ్చినప్పుడు ఒళ్ళో ఉన్నదానికంటే పాపకి రక్షణ ఎక్కువ. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ చెప్పేది కూడా ఇదే. ఎయిర్‌లైన్‌ని ముందే అడిగి ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి. రోజూ కారులో కూర్చునే సీటే కాబట్టి పిల్లలు అందులో నిద్రపోతారు కూడా.

రెండు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి ఖాళీ టైమ్ కంటే కదలడానికి చోటు ముఖ్యం. దుబాయ్‌లోనో దోహాలోనో గంటన్నర కనెక్షన్ పట్టుకుని పరుగులు పెట్టే బదులు, ఒక రాత్రి ఆగి హోటల్లో అందరూ కాళ్ళు చాపి పడుకోండి. మంచం అక్కడా ఉంటుంది, ధర మాత్రం చాలా తక్కువ.

ఏడు దాటిన పిల్లలు ఎకానమీలో బాగానే ఉంటారు. వాళ్ళకి కిటికీ సీటు, హెడ్‌ఫోన్స్, ఎదురుగా సినిమా ఉంటే మీరు పక్కన ఉన్నారో లేదో కూడా చూడరు.

బిజినెస్ కొనాల్సిన సందర్భాలూ ఉన్నాయి. తల్లికి ఈమధ్యే ఆపరేషన్ అయింది, ఎవరికో నడుం నొప్పి, పిల్లకి ఆరోగ్య సమస్య, లేదా పాయింట్లతో సీట్లు దొరికాయి. అప్పుడు ఆలోచించకుండా తీసుకోండి. అప్పుడు కూడా నలుగురికీ ఒకే క్లాస్ అక్కర్లేదు. చాలా ఎయిర్‌లైన్స్ చిన్న పిల్లల్ని ఒంటరిగా వేరే క్యాబిన్‌లో కూర్చోనివ్వవు, కాబట్టి ఒక పెద్దవాళ్ళు పిల్లలతోనే ఉండాలి. అవసరం ఉన్నవాళ్ళు ముందు క్యాబిన్‌లో పడుకోవచ్చు.

అయితే ఆ మంచం ఎవరికి?

నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే. మన ఇళ్ళలో లాంగ్ ఫ్లైట్ ఎక్కే వాళ్ళలో నిద్ర అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్ళు అమ్మమ్మ, తాతయ్య, నానమ్మ. అమ్మాయికి పురుడు పోయడానికి, మనవడిని చూసుకోవడానికి ఆరు నెలల విజిట్‌కి వెళ్తారు. అరవై దాటాక మొదటిసారి విమానం ఎక్కేవాళ్ళు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. మోకాళ్ళ నొప్పులు, షుగర్ మాత్రలు, దారిలో మాట్లాడటానికి రాని భాష. సీటు బెల్ట్ గుర్తు ఆరిందో లేదో తెలియక, పక్కవాళ్ళని లేపడానికి మొహమాటపడి, బాత్రూంకి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగకుండా పదహారు గంటలు అలాగే కూర్చుంటారు.

ఇది సుఖానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. బిజినెస్‌లో కూడా కదలకపోతే ఆ ప్రమాదం ఉంటుంది. కానీ అక్కడ లేవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, కాళ్ళు చాపుకోవచ్చు, పిలిస్తే వచ్చే మనిషి దగ్గర్లోనే ఉంటారు. ఇంకో సంగతి, సీటు చుట్టూ గోడలు, తలుపు ఉండే ఆ డిజైన్ పిల్లలకి అడ్డం అన్నాను కదా. పెద్దవాళ్ళకి అదే వరం. ఎవరూ తొక్కుకుంటూ దాటరు, చీర సర్దుకుని ప్రశాంతంగా పడుకోవచ్చు.

ఇప్పుడు మళ్ళీ లెక్కకి రండి. నలుగురూ బిజినెస్‌లో వస్తే 11.4 అన్నాం. అదే డబ్బుని వేరేలా పంచండి. మీ కుటుంబం ఎకానమీలో, పాపకి సొంత సీటుతో సహా, 3.5. అమ్మ, నాన్నలకి రెండు బిజినెస్ టికెట్లు, 8. మొత్తం 11.5. అంటే మీరొక్కరు ఒకసారి వచ్చిపోయే ఖర్చుతో మీరు రావచ్చు, వాళ్ళని మంచం మీద పడుకోబెట్టి మీ దగ్గరికి తెచ్చుకోవచ్చు కూడా. డల్లాస్‌లో ఉన్న ఐదేళ్ళవాడికి పదహారు గంటల మెత్తటి సీటు కావాలా, ఆరు నెలలు తాతయ్య కావాలా?

"తోటలో కాయ ఉండగా నేనెక్కడికి వస్తాను" అని పెద్దాయన అంటాడు, అదీ నిజమే. కోత అయ్యేదాకా ఇక్కడివాళ్ళు కదలరు. కాబట్టి వేసవిలో పిల్లలు ఇటు రావాలి, కోతలయ్యాక పెద్దవాళ్ళు అటు వెళ్ళాలి. జనం తగ్గాక వెళ్తారు కాబట్టి వేసవి మీద టికెట్ కాస్త తగ్గే అవకాశం కూడా ఉంది.

ఈ సలహాకి ఒక అడ్డంకి ఉందని నాకు తెలుసు. "మాకెందుకయ్యా అంత ఖర్చు, మామూలు సీటు చాలు" అంటారు వాళ్ళు. మీరు ఫోన్ కొనిచ్చినప్పుడు కూడా ఇదే అన్నారు, గుర్తుందా? ఇప్పుడు మనవరాలి వీడియో కాల్ రోజూ అందులోనే చూస్తున్నారు. ధర చెప్పకుండా బుక్ చేయండి. ఎకానమీలోనే పంపాల్సి వస్తే కనీసం నడవ పక్క సీటు ముందే ఎంచండి, వీల్‌చైర్ సహాయం అడగండి, అది ఏ క్లాస్‌కైనా ఉంటుంది. ఫోన్‌లో ఆఫ్‌లైన్ ట్రాన్స్‌లేట్ యాప్‌లో తెలుగు ప్యాక్ డౌన్‌లోడ్ చేసి, ఎలా వాడాలో నాలుగుసార్లు చేయించి పంపండి.

ఫైనల్ మాట

పిల్లలతో బిజినెస్ క్లాస్‌కి నేనిచ్చే రేటింగ్ 5కి 2.5. సీటు బాగుంది, కానీ వాడేవాళ్ళు దానికి సరిపోరు. పెద్దవాళ్ళకి అదే సీటుకి 4.5. బడ్జెట్ ఉంటే మంచం వాళ్ళకి కొనండి. పిల్లలకి మంచి హెడ్‌ఫోన్స్, చిన్న ట్యాబ్, సొంత సీటు, మధ్యలో ఒక రాత్రి నిద్ర చాలు. నూజివీడు రసం కోసం వచ్చేవాళ్ళు ఎకానమీలో వచ్చినా కాయ తియ్యగానే ఉంటుంది.